సుజౌ తోటల్లో కిటికీలు చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నమస్తే అండీ. వచ్చే నెల ఆఫీసు పని మీద షాంఘై వెళ్తున్నాను. ఒక్క ఆదివారం ఖాళీ. సుజౌకి రైల్లో అరగంట దూరమే కాబట్టి అక్కడి పాత తోటలు చూడాలని ఉంది. పూలూ చెరువులూ సరే, నాకు కావాల్సింది గోడల్లోని కిటికీలు, గుమ్మాలు.

త్సాంగ్‌లాంగ్ తింగ్ తోటలో 108 జాలీ కిటికీలున్నాయట, ఏ రెండూ ఒకలా ఉండవట. వాటికి తలుపులుండవు, అద్దాలుండవు. పెంకులు, ఇటుకలు, సున్నంతో అల్లిన నగిషీ మాత్రమే. పొడవాటి వసారా మధ్యలో గోడ, ఒక పక్క నీళ్లు, మరో పక్క గుట్ట. నడుస్తుంటే అవతలి వెదురు పొదలు ముక్కలు ముక్కలుగా కనబడి మాయమవుతాయి. తోటంతా ఒకేసారి చూపించకుండా ఊరించడమే వాళ్ల పద్ధతి. ఫొటోల్లో చూసే పడిపోయాను!

ఇక జువోజెంగ్ తోటలో చంద్రుడిలాంటి గుండ్రటి గుమ్మం, విసనకర్ర ఆకారపు కిటికీ ఉన్నాయి. కానీ అక్కడ జనం విపరీతమని విన్నాను. తోసుకుంటూ చూసేవి కావు కదా ఇవి.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి: ఒక్కరోజులో రెండూ కుదురుతాయా, లేక త్సాంగ్‌లాంగ్‌లోనే నింపాదిగా గడపడం మేలా? జాలీ నీడలు గోడ మీద బాగా పడేది ఉదయమా, సాయంత్రమా? టికెట్ ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలా? మన పాస్‌పోర్ట్‌తో అవుతుందా? అమ్మ కూడా వస్తోంది, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎక్కువుంటే అదీ చెప్పండి.