బాసరలో నాకు కలిపిన 0.4 న్యాయమేనా?

గోదారిగట్టు (ప్రశ్న):
నాది 2015 పదో తరగతి, జిల్లా పరిషత్ హైస్కూలు, తెలుగు మీడియం. జీపీఏ 9.3. హాస్టల్ లేని ప్రభుత్వ బడిలో చదివినవాళ్లకు బాసర ట్రిపుల్ ఐటీలో 0.4 కలిపేవాళ్లు కాబట్టి 9.7 అయింది, సీటొచ్చింది.

తొమ్మిదిలో మా లెక్కల సారు బదిలీ అయ్యాక సంక్రాంతి దాకా ఇంకొకరు రాలేదు. సోషల్ మేడమే గైడు చూసి బోర్డు మీద లెక్క ఎక్కించేది. జవాబు కుదరకపోతే తుడిచేసి "రేపు చూద్దాం" అనేది. అందుకే ఆ 0.4 నాకు రావాల్సిందే అనుకున్నా.

పీయూసీలో (అక్కడ ఇంటర్ లాంటి మొదటి రెండేళ్లు) నా రూమ్మేటు వాళ్ల నాన్న ఆటో నడిపేవాడు. అమ్మ పుస్తెలు కుదవపెట్టి వాణ్ని ప్రైవేటు బడిలో చదివించారు. వాడిది అచ్చంగా 9.8. ఓరోజు మెస్ లైన్లో, నవ్వుతూనే, "మీ బడికి 0.4 ఇచ్చారు, మా అమ్మ పుస్తెలకు ఎంతివ్వాలిరా?" అన్నాడు. ఇన్నేళ్లయినా నా దగ్గర జవాబు లేదు. ఫిలాసఫీ చదివినవాళ్లు చెప్పండి. దయచేసి రిజర్వేషన్ల కొట్లాట పెట్టకండి.

పాత మాస్టారు:
తమ్ముడూ, అమెరికా తత్వవేత్త జాన్ రాల్స్ 1971లో రాసిన 'ఎ థియరీ ఆఫ్ జస్టిస్'లో ఉన్నది మీ గొడవే. తలుపు అందరికీ తీసి ఉంచితే చాలదంటాడు. ఒకే తెలివి, అంతే పట్టుదల ఉన్న ఇద్దరు ఏ ఇంట్లో పుట్టినా అవకాశం ఒకేలా ఉండాలి. మీ 0.4 అందుకోసమే. మరి పట్టుదల ఎక్కణ్నుంచి వస్తుంది? అది కూడా ఇంటిని బట్టే ఉంటుందని ఆయనే ఒప్పుకుంటాడు. కుటుంబం అనేది ఉన్నంతకాలం ఈ సమానత్వం పూర్తిగా కుదరదని కూడా రాశాడు. పుస్తెలకు పాయింట్లు కట్టే లెక్క రాల్స్ దగ్గరా లేదు.

గురుకులం పిల్ల:
మాదీ సర్కారు బడే అన్నా, కానీ రెసిడెన్షియల్ కదా, మాకు ఆ 0.4 లేదు. అప్పట్లో మండిపోయింది. ఇప్పుడు చూస్తే, రాత్రి స్టడీ అవర్లో మా పక్కన టీచర్లుండేవాళ్లు, మూడు పూటలా తిండి. మీరేమో ఇంటికెళ్లి బర్రెలకు గడ్డి వెయ్యాలి. తమిళనాడు 2020లో మెడికల్ సీట్లలో 7.5 శాతం ప్రభుత్వ బడి పిల్లలకిచ్చింది. అక్కడ ఆరు నుంచి పన్నెండు దాకా సర్కారు బడిలోనే చదివుండాలి. ఏడులో చేరినవాడు ఏమనుకుంటాడో!

చెట్టుకింద క్లాసు:
నాకు రాల్స్ కంటే మీ లెక్కల సారే ముఖ్యం. 0.4 కలపడానికి సర్కారుకు పైసా ఖర్చు లేదు, పోస్టు నింపితే నెలనెలా జీతమివ్వాలి. రాజకీయాల్లో సమానత్వం, సామాజిక ఆర్థిక జీవితంలో అసమానత్వం పెట్టుకుని బతకబోతున్నామని అంబేడ్కర్ 1949 నవంబర్ 25నే రాజ్యాంగ సభలో హెచ్చరించాడు. బడి బాగుచెయ్యకుండా పాయింట్లు పంచితే మీలాంటి ఇద్దరు మెస్ లైన్లో లెక్కలు చూసుకోవాల్సి వస్తుంది.

గోదారిగట్టు:
మాస్టారూ, కుటుంబం మాట దగ్గరే ఆగిపోయాను. ఇంకోటి చెప్పలేదు మీకు. మొదటి సెమిస్టర్లో ఇంగ్లిషులో లెక్కలు నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. రోజూ సాయంత్రం హాస్టల్ మెట్ల మీద కూర్చోబెట్టి, "త్రికోణమితినే ట్రిగనామెట్రీ అంటార్రా" అని మొదలుపెట్టి చెప్పింది వాడే. పుస్తెలు వాడికి ఉద్యోగం వచ్చిన మూడో నెలలో విడిపించారు. ఫోటో పంపాడు.