‘పెర్’కి ఏ విభక్తి వేయాలి?

వారం రోజులుగా ఒక చిన్న మాట దగ్గర ఇరుక్కుపోయానండీ. మేముండేది ఇంగ్లండ్‌లో. పాప చదివే కాథలిక్ స్కూల్లో ప్రార్థన హాలుకి ఒక రంగుటద్దాల కిటికీ ఉంది. అందులో ఇటలీకి చెందిన సెయింట్, అస్సీసీ ఫ్రాన్సిస్. గోధుమరంగు అంగీ, నడుముకి మూడు ముళ్ల తాడు, భుజమ్మీద పిట్ట. పాదాల కింద అద్దం మీదే రాసి ఉంది: ‘లౌదాతో సీ, మి సిన్యోరె, పెర్ సోరా లూనా ఎ లె స్తెల్లె’. తెలుగులో చెప్పమంది పాప. ‘నా ప్రభూ, నీకు స్తుతి’ దాకా బాగానే వచ్చింది. చివర ఉన్నది సోదరి చందమామ, చుక్కలు. మధ్యలో ఉన్న ‘పెర్’ దగ్గర బండి ఆగిపోయింది.

ఫ్రాన్సిస్ 1225 ప్రాంతంలో, లాటిన్‌లో కాకుండా తన ఊరి ఉంబ్రియా యాసలో కట్టిన పాట ఇది. అప్పటికి చూపు దాదాపు పోయింది, వెలుతురు పడితే కళ్లు మంట. అలాంటి మనిషి సూర్యచంద్రుల మీద పాట కట్టాడు!

‘పెర్’ అంటే కొరకు, చేత, ద్వారా, వలన, అన్నీ. వాళ్లకి ఒక్క మాటతో సరిపోయింది. మనకి అలా కుదరదు కదా. చందమామను ఇచ్చినందుకు స్తుతి అంటే పొగిడేది మనిషి. చందమామ చేత స్తుతి అంటే పొగిడేది చంద్రుడే. చేతన్-చేన్-తోడన్-తోన్, కొఱకున్-కై, వలనన్-కంటెన్-పట్టి... వీటిలో ఏది వేయమంటారు?

జవాబు: తృతీయే, అంటే ‘చేత’, సందేహం లేదు. బైబిల్లో 148వ కీర్తన చూడండి, ‘సూర్యచంద్రులారా, ఆయనను స్తుతించుడి’. ఫ్రాన్సిస్ రోజూ పాడుకున్న కీర్తనలే ఇవి. పొగిడేది సృష్టే.

జవాబు: అంత తొందరెందుకు మాస్టారూ? అదే పాటలో ‘పెర్ క్వెల్లి కె పెర్దోనానో పెర్ లో తూవో అమోరె’ అని ఉంది, ‘నీ ప్రేమ కోసం క్షమించేవాళ్లు’ అని. అస్సీసీ బిషప్పుకీ ఊరి పెద్దకీ గొడవైతే రాజీ చేయడానికి తర్వాత కలిపిన చరణం. అక్కడ రెండో ‘పెర్’ కచ్చితంగా ‘కోసం’. నీళ్ల గురించి కూడా ఉపయోగకరం, వినయం, అమూల్యం, స్వచ్ఛం అని వరస పెట్టి చెప్తాడు. అది కృతజ్ఞత కాక ఏంటి?

నేనే మళ్లీ: ఇద్దరి మాటా కాదనలేను. కానీ నిప్పు చరణంలో ‘పెర్ లో క్వాలె ఎన్నల్లుమిని లా నొక్తె’ అన్నాడు, ‘ఎవరి ద్వారా నువ్వు రాత్రిని వెలిగిస్తావో’ అని. సూర్యుడి దగ్గరా అంతే, ‘అల్లుమిని నోయ్ పెర్ లుయ్’, ‘అతని ద్వారా మాకు వెలుగిస్తావు’ అని. 2015లో ఈ పాటలోని ‘లౌదాతో సీ’ మాటలే పేరుగా అప్పటి పోప్ రాసిన లేఖ ఇంగ్లిష్ అనువాదంలోనూ ‘ద్వారా’ అనే తీసుకున్నారు. కాకపోతే ‘చందమామ ద్వారా స్తుతి’ అంటే కొరియర్‌లో పంపినట్టు లేదూ?

నాకు ‘వల్ల’ నచ్చుతోంది. ‘మీ వల్ల ఈ పని అయింది’ అంటే కారణమూ మీరే, చేసిందీ మీరే. మన భాషలో ‘పెర్’కి దగ్గరగా వచ్చేది అదే అనిపిస్తోంది.

జవాబు: ‘నీ వల్లే లేటయింది’ అని మా ఇంట్లో రోజూ వింటాను. నింద మోపినట్టు ఉండదాండీ?

నేను: ఉంటుంది, ఒప్పుకుంటా. అయినా స్తుతి పక్కన పెడితే ఆ ఘాటు తగ్గుతుంది. అసలు చిక్కు ‘సోరా’తో వచ్చింది. ఇటాలియన్‌లో ‘లూనా’ స్త్రీలింగం, అందుకే చంద్రుడు సోదరి అయ్యాడు. మనకేమో ఆయన మామ! పైగా మామూలుగా మాట్లాడేటప్పుడు వట్టి ‘సోదరి’ అనం, అక్కో చెల్లో తేల్చాలి. నేను లింగాలూ వావివరసలూ సర్దుకుంటుంటే పాప తనే రాసేసి ఫ్రిజ్ తలుపుకి అంటించింది: ‘జాబిలక్క వల్ల, చుక్కల వల్ల, నా ప్రభూ, నీకు స్తుతి’. చుక్కల్లో క కింద వత్తు మర్చిపోయింది. దిద్దలేదు.