కల్చర్ ప్లేట్లను ఆటోక్లేవ్ చేయకుండా పసుపు సంచిలో వేయవచ్చా?

ప్రశ్న (ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి):
మా ల్యాబ్‌లో మూత్రం, కఫం, చీము నమూనాలకు కల్చర్ పరీక్షలు (నమూనాలోని క్రిములను పోషక పదార్థం మీద పెంచి గుర్తించడం) చేస్తాము. ఫలితం చూసిన పెట్రీ ప్లేట్లను నేరుగా పసుపు సంచిలో (కాల్చివేసే వ్యర్థాల సంచి) వేసి, వ్యర్థాలు తీసుకువెళ్లే వాహనానికి అప్పగిస్తున్నాము. అక్కడ ఎలాగూ కాల్చివేస్తారు కనుక ఇక్కడ ఆటోక్లేవ్ చేయనవసరం (పీడనంతో కూడిన వేడి ఆవిరితో క్రిములను చంపనవసరం) లేదని మా యజమాని గారి అభిప్రాయం. ఇది సరైనదేనా?

జవాబు (మైక్రోబయాలజిస్టు, వరంగల్):
సరైనది కాదండి. 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నిర్వహణ నియమాల ప్రకారం కల్చర్ ప్లేట్లను, సూక్ష్మజీవుల స్టాక్‌లను ల్యాబ్‌లోనే క్రిమిరహితం చేసి, ఆ తరువాతే ఉమ్మడి శుద్ధి కేంద్రానికి పంపాలి. రోగి నమూనాలో ఉన్న కొద్దిపాటి క్రిములకు మనమే పోషకాలు అందించి ప్లేటు మీద కోట్లలో పెంచాము కనుక, దారిలో సంచి చిరిగితే ప్రమాదంలో పడేది దానిని ఎత్తే కార్మికుడే. సాధారణ గ్రావిటీ ఆటోక్లేవ్‌లో (ఆవిరే గాలిని బయటకు నెట్టే రకం) 121 డిగ్రీల సెల్సియస్ వద్ద, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనంతో కనీసం 60 నిమిషాలు ఉంచాలి. మీడియా (క్రిములను పెంచే పోషక పదార్థం) తయారీకి పెట్టే 15 నిమిషాలు వ్యర్థాలకు చాలవు.

జవాబు (ల్యాబ్ నిర్వాహకుడు, కర్నూలు):
మేము ప్లేట్లలో హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) పోసి నానబెట్టి, అదే ద్రావణంతో సహా ఆటోక్లేవ్‌లో పెడుతున్నాము. దీనివల్ల రెండింతల భద్రత ఉంటుందని మా ఉద్దేశం.

జవాబు (మైక్రోబయాలజిస్టు, వరంగల్):
దయచేసి ఆ పద్ధతిని ఈ రోజే ఆపించండి. హైపోక్లోరైట్‌ను వేడి చేస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది. పైగా ఆటోక్లేవ్ లోహం తుప్పు పడుతుంది. మరొక మాట: సంచిని నిండా కుక్కి మూతి బిగించి కడితే ఆవిరి లోపలికి చేరదు, బయట అంటించిన ఇండికేటర్ టేపు మాత్రం నిక్షేపంగా రంగు మారుతుంది. ఆ రంగు వేడి తగిలిందని చెబుతుందే తప్ప క్రిములు చచ్చాయని చెప్పదు. అందుకే వారానికి ఒకసారి జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్ పరీక్ష (వేడిని బాగా తట్టుకునే ఈ బ్యాక్టీరియా బీజాలను వ్యర్థాలతో పాటు పెట్టి, అవి చచ్చాయో లేదో చూడడం) చేసి, ఫలితాన్ని రిజిస్టరులో రాయాలి.

ప్రశ్న (ల్యాబ్ టెక్నీషియన్, తెనాలి):
కృతజ్ఞతలు, మేడమ్. సెలవులు వరుసగా వచ్చినప్పుడు వాహనం రాకపోతే ఏమి చేయాలి?

జవాబు (నాణ్యతా విభాగం ఉద్యోగి, హైదరాబాద్):
శుద్ధి చేయని వ్యర్థాలను 48 గంటలకు మించి నిల్వ ఉంచకూడదు. తప్పనిసరైతే, ఎవరికీ హాని కలగకుండా జాగ్రత్తలు తీసుకొని, కారణం తెలుపుతూ కాలుష్య నియంత్రణ మండలికి రాతపూర్వకంగా తెలియజేయండి.