గర్భిణి అయిన చెల్లెలికి బుప్రెనార్ఫిన్ మాత్రలు: కాన్పు ఎక్కడ చేయించాలి?

మాది పర్లాకిమిడి. చెల్లెలిని బరంపురం ఇచ్చాం. ఇప్పుడు ఆరో నెల. నడుము నొప్పికని మొదలుపెట్టిన ట్రమడాల్ వ్యసనమైపోయింది. ఏడాదిగా చికిత్సలో ఉంది, ఆ వ్యసనానికి మందుగా ఇచ్చే బుప్రెనార్ఫిన్ మాత్ర రోజూ నాలుక కింద పెట్టుకుంటోంది. మనిషి మళ్లీ మనిషైంది.

"కడుపులో బిడ్డకు విషం పెడుతున్నావు, ఆపు" అని వాళ్ల అత్తగారి పోరు. ఒక్కసారిగా ఆపితే నెలలు నిండకుండానే కాన్పు కావచ్చని, మళ్లీ పాత మాత్రల వైపు పోయే ప్రమాదమూ ఉందని డాక్టరు గారు చెప్పారు. మాత్ర కొనసాగిస్తే పుట్టాక బిడ్డకు వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగా తాగకపోవడం ఉండవచ్చట. దానికి చికిత్స ఉందట. మాత్ర వాడుతూనే చనుబాలు ఇవ్వవచ్చట. (ఈ మాట అత్తగారి ముందు ఎత్తే ధైర్యం నాకింకా రాలేదు.)

తొలి కాన్పు పుట్టింట్లోనే కావాలని అమ్మ పట్టు. మాకు శ్రీకాకుళం దగ్గర. అక్కడ చేర్చితే ఒడిశాలో రాసిన చీటీ చూసి మాత్రలు ఆగకుండా ఇస్తారా? శ్రీకాకుళంలోనో విశాఖలోనో ఇలా కాన్పు అయినవారు ఉంటే దయచేసి చెప్పండి. నీతులు మాత్రం వద్దు, అవి ఇంట్లోనే కావలసినన్ని వింటోంది. మీ బిడ్డను ఎన్ని రోజులు ఆసుపత్రిలో ఉంచారు? నడక, మాటలు వేళకే వచ్చాయా?