నాన్నగారి చెవి యంత్రం: బ్యాటరీదా, ఛార్జింగుదా?

కాకినాడ కాజా: మా నాన్నగారికి 78 ఏళ్లు. ఆడియోగ్రాం (వినికిడి పరీక్ష) తీస్తే రెండు చెవులకూ వినికిడి లోపం 70 డెసిబెల్స్ దగ్గర ఉంది. చెవి వెనక పెట్టుకునే రకమే నయమన్నారు. ఒకటి 13 నంబరు బ్యాటరీతో నడిచేది. రెండోది ఛార్జింగు, బ్లూటూత్ ఉన్నది, ధర దాదాపు రెట్టింపు. ఏది కొనమంటారు? వాడినవాళ్లు చెప్పండి.

పాత మాస్టారు: పదకొండేళ్లుగా వాడుతున్నాను. బ్యాటరీదే కొనండి. నారింజ రంగు స్టిక్కరు పీకి, ఒక్క నిమిషం గాలి తగలనిచ్చి లోపల పెడితే నాకు పది పన్నెండు రోజులు వస్తుంది. ఆ స్టిక్కరును క్యాలెండరులో ఆనాటి తేదీ మీద అంటిస్తాను, ఎప్పుడు మార్చానో తెలుస్తుంది. స్టిక్కరు మళ్లీ అతికిస్తే బ్యాటరీ మిగులుతుందనుకోకండి. ఒకసారి గాలి తగిలాక వాడినా వాడకపోయినా అరిగిపోతూనే ఉంటుంది. నిరుడు మా మేనల్లుడి పెళ్లిలో మా వియ్యంకుడుగారి ఛార్జింగు యంత్రం రాత్రి ముహూర్తం వేళకు మూగబోయింది. ఛార్జరేమో విడిదింట్లో ఉంది. నాది ఆగిపోతే జేబులోంచి కొత్త బ్యాటరీ తీసి వేసుకున్నాను.

డాలస్ అబ్బాయి: మాస్టారూ, ఒక్క పెళ్లి చూసి తీర్పు చెబితే ఎలా? మా నాన్నగారికి వేళ్లు వణుకుతాయి. ఆ బిళ్లకు ఏది పైవైపో కనబడదు. జారిపడితే మంచం కింద దేవులాడాలి. ఇంట్లో పసిపిల్లలుంటే మింగే ప్రమాదం వేరే. ఛార్జింగుదైతే రాత్రి డబ్బాలో పెట్టి పొద్దున తీసుకోవడమే. పైగా ఫోనులో మాట నేరుగా రెండు చెవుల్లోకీ వెళ్తుంది.

నీటిబొట్టు: ఏసీ గదిలో కూర్చుంటే నా చెవి యంత్రం గొట్టంలో తడి చేరి మాట ఆగిపోతోంది. ఎవరికైనా తెలుసా?

పాత మాస్టారు: డాలస్ బాబూ, నాలుగైదేళ్లకు ఆ ఛార్జింగుదాని లోపలి బ్యాటరీ నీరసిస్తే కంపెనీకి పంపాలి. తిరిగి వచ్చేదాకా చెవుల్లో దూది పెట్టుకుని కూర్చోవాలా?

ఆడియాలజిస్టు: ఇద్దరూ బ్యాటరీ దగ్గరే ఆగిపోయారు. 70 డెసిబెల్స్ అంటే చెవి కొలత తీసి చేయించిన మోల్డు (చెవిలో అమరే అచ్చు) కావాలి. రెడీమేడ్ రబ్బరు టోపీ పెడితే శబ్దం బయటికి కారి కూత వస్తుంది. ముందునుంచి వచ్చే మాటను పట్టుకునే రెండు మైకులు ఉన్నాయో లేదో చూడండి. ఛానెళ్లు (యంత్రం శబ్దాన్ని విడగొట్టి సరిచేసే భాగాలు) ఎక్కువన్నారని డబ్బు పోయకండి. చెవిలోకి సన్నని గొట్టం పెట్టి కొలిచి అమర్చేవారి దగ్గరికి వెళ్లండి, ట్రయల్ అడగండి. ఆదాయం తక్కువగా ఉండి వైకల్య ధ్రువపత్రం ఉన్నవారికి కేంద్రం ఆడిప్ పథకంలో ఉచితంగా కూడా ఇస్తారు.

పాత మాస్టారు: బాగా చెప్పావమ్మా. కానీ డాలస్ బాబు నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు.

డాలస్ అబ్బాయి: నాలుగేళ్ల తర్వాతి మాట ఇప్పుడెందుకు? వేళ్ల వణుకు సంగతి మీరు చెప్పారా?

ఇంటిపట్టున కూతురు: మా అన్నయ్య కూడా అక్కడినుంచే బ్లూటూత్‌ది పంపాడు. ఆదివారం అన్నయ్య ఫోను వచ్చే అరగంటే నాన్న దాన్ని పెట్టుకుంటారు. ఆపైన తీసి డబ్బాలో వేసేస్తారు. నేను గిన్నె కింద పెడితే తలలో సుత్తితో కొట్టినట్టుందంటారు. సరిచేయించడానికి మూడుసార్లు సెలవు పెట్టి తీసుకెళ్లింది నేను. బిల్లు కట్టిన పేరు మాత్రం అన్నయ్యది.

డాలస్ అబ్బాయి: మీ అన్నయ్య మీది కోపం నామీద చూపించకండి. ఆరు నెలలపాటు ఫోనెత్తి "ఎవరు, ఎవరు" అన్న మనిషి మొన్న నన్ను పేరుపెట్టి పిలిచారు. దానికోసం ఎంతైనా పెడతాను.

పాత మాస్టారు: ఇప్పుడు బయటపడింది. యంత్రం కొన్నది మీ నాన్నగారి కోసం కాదు, మీ కోసం.

డాలస్ అబ్బాయి: మీరు పదకొండేళ్లుగా పెట్టుకుంటున్నారు సరే, ఎవరితో మాట్లాడుతున్నారు?

విశాఖ వాసి: కాస్త తగ్గండి సార్.

పాత మాస్టారు: అడిగావు కాబట్టి చెబుతాను. మా ఆవిడ పోయి మూడేళ్లు. కొడుకూ కోడలూ ఈ ఇంట్లోనే ఉన్నారు. గట్టిగా చెప్పడం విసుగని ఫోనులో రాసి ముఖం ముందు పెడతారు. యంత్రం చెవికే ఉందని వాళ్లకు గుర్తుండదు. ఛార్జరు తీగ పెట్టమని, తీయమని వాళ్లను నేను అడగను. నా బ్యాటరీ నేను మార్చుకుంటాను. అందుకే బ్యాటరీది అన్నాను.

డాలస్ అబ్బాయి: ఆ మాట అడగాల్సింది కాదు మాస్టారూ. అయినా మా నాన్నగారి వేళ్లు వణుకుతాయి.

పాత మాస్టారు: వణికితే ఛార్జింగుదే. అది మొదటే ఒప్పుకోవలసింది.

కాకినాడ కాజా: ఇదంతా చదివాక నాన్నగారిని అడిగాను. ఇంతవరకూ అడగనే లేదు. "ఫోను నువ్వు మాట్లాడు, నాకు గుళ్లో పురాణం వినబడితే చాలు" అన్నారు. శనివారం ట్రయల్‌కు వెళ్తున్నాం. గుళ్లో మైకు, స్పీకరు ఉంటాయి. ఏం చెప్పమంటారు?

ఆడియాలజిస్టు: గుడిలో గోడలనుంచి ప్రతిధ్వని వస్తుందని చెప్పి, దానికి యంత్రంలో వేరే ప్రోగ్రాం (సెట్టింగు) పెట్టించండి. స్తంభం చాటున కాకుండా స్పీకరుకు దగ్గరగా, ఎదురుగా కూర్చోబెట్టండి.

నీటిబొట్టు: నా గొట్టం సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

పాత మాస్టారు: మోల్డునూ గొట్టాన్నీ యంత్రం నుంచి ఊడదీసి, గాలి కొట్టే చిన్న రబ్బరు బుడ్డితో ఊదండి. నోటితో ఊదితే ఇంకా తడి చేరుతుంది.