పదేళ్లు దాటిన పెద్ద సెడాన్ కొనొచ్చా? 1,28,000 మైళ్ల అవలాన్ మీద మీ మాట చెప్పండి

ఇర్వింగ్ కుర్రాడు:

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాను. ఎమ్మెస్ అయిపోయి ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలైంది. ఇన్నాళ్లూ రూమ్మేట్ కారులో వెళ్లొచ్చేవాణ్ణి, అతను ఇప్పుడు ఆస్టిన్ వెళ్లిపోతున్నాడు. నవంబరులో అమ్మానాన్న ఆరు నెలలుండటానికి వస్తున్నారు. నాన్నకి మోకాళ్ల నొప్పులు, ఇరుకు కారులో ఎక్కువసేపు కూర్చోలేరు.

రెండు కార్లు చూశాను. ఒకటి 2014 టొయోటా అవలాన్, వీ6 (ఆరు సిలిండర్ల ఇంజిన్), 1,28,000 మైళ్లు. రిటైరైన పెద్దాయన ఒక్కరే వాడారు, సర్వీసు రసీదులన్నీ ఫైల్లో పెట్టుకున్నారు. 10,500 డాలర్లు అడుగుతున్నారు. రెండోది 2019 కరోలా, 70,000 మైళ్లు, డీలరు దగ్గర 14,500. ఆఫీసుకి రానూపోనూ రోజూ 40 మైళ్లు. కనీసం అయిదేళ్లు వాడాలి.

స్నేహితులంతా "పెద్ద కారు, పైగా పాతది, జీతమంతా రిపేర్లకే పోతుంది" అంటున్నారు. 2022 మోడల్‌తో అమెరికాలో అవలాన్ ఆపేశారు కాబట్టి పార్టులు కూడా దొరకవని ఒకరన్నారు. నిజమేనా?

కొలంబస్ మంచు:

వద్దు తమ్ముడూ, కరోలా తీసుకో. నా అనుభవం చెప్తా. నేను ఒహాయో వచ్చిన కొత్తలో ఇలాగే ముచ్చటపడి ఒక పెద్ద సెడాన్ కొన్నాను. ఏ కంపెనీదో అనవసరం. అప్పటికి 1,10,000 మైళ్లు తిరిగింది. మొదటి ఏడాది రాజాలా తిరిగాను. రెండో ఏడాది నాలుగు టైర్లు, వెంటనే ముందు స్ట్రట్లు (షాక్ అబ్సార్బర్లు), ఆ తర్వాత ఏసీ. మూడో చలికాలంలో బ్రేకు పైపు తుప్పుపట్టి పగిలింది. పెడల్ నేల దాకా వెళ్లిపోయింది. వెనక సీట్లో నా ఇద్దరు పిల్లలున్నారు. పార్కింగ్ లాట్‌లో నెమ్మదిగా వెళ్తున్నాం కాబట్టి బతికిపోయాం.

పెద్ద కారు పాతబడ్డాక ధర పడిపోతుంది, కానీ దాని టైరు ధర, బ్రేకుల ధర, లేబర్ ఎక్కడా తగ్గవు. కొన్నది పదివేలకే అయినా రిపేరు మాత్రం 40,000 డాలర్ల కారు రిపేరే.

పాత స్పానర్:

ముందుగా, అన్న చెప్పిన బ్రేకు పైపు సంగతి ఎవరూ తేలిగ్గా తీసుకోకండి. ఒహాయో, మిచిగన్‌లలో చలికాలం రోడ్లమీద చల్లే ఉప్పు కారు అడుగుభాగాన్ని తినేస్తుంది. అక్కడ తిరిగిన పాత కారు ఏదైనా సరే, పెద్దదైనా చిన్నదైనా, లిఫ్ట్ మీద ఎత్తి సబ్‌ఫ్రేమ్ (అడుగు చట్రం), బ్రేకు పైపులు చూడకుండా కొనకూడదు. కానీ అది ఉప్పు చేసిన పని, కారు పెద్దదవ్వడం వల్ల కాదు. ఇర్వింగ్ తమ్ముడు చూసిన కారు మొదట్నుంచీ టెక్సాస్‌లోనే ఉంటే ఆ భయం చాలావరకు లేదు. ఇక్కడ ఎండే శత్రువు. బ్యాటరీ, రబ్బరు హోసులు, డోర్ సీళ్లు త్వరగా పోతాయి.

రెండో మాట: "పెద్ద సెడాన్" అని అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. నేను పద్దెనిమిదేళ్లుగా వారాంతాల్లో నా కార్లూ, స్నేహితుల కార్లూ సొంతంగా బాగుచేస్తున్నాను. వీటిలో ఒక్కోదానికీ ఒక్కో గుట్టు ఉంటుంది.

ఫోర్డ్ టారస్ 3.5 లీటర్ వీ6 చూడండి. దాంట్లో వాటర్ పంపు ఇంజిన్ లోపల, టైమింగ్ చైన్‌తో (ఇంజిన్ భాగాలు ఒకే లయలో తిరిగేలా చూసే గొలుసు) తిరుగుతుంది. లీకైతే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) బయట కారకుండా ఆయిల్‌లో కలిసే ప్రమాదం ఉంది. అలా కలిస్తే ఇంజినే పోతుంది. చేతికందే పంపు చిన్న ఖర్చు, లోపలున్న పంపు మార్చాలంటే ముందుభాగమంతా విప్పాలి. బ్యూక్ లసాబర్‌లోని 3800 ఇంజిన్ మొండిది, చాలామంది దాన్ని రెండు లక్షల మైళ్లు దాటించారు. కానీ దాని ప్లాస్టిక్ ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి పంపే భాగం) వేడికి దెబ్బతినేది, కూలెంట్ వెళ్లే ప్లాస్టిక్ ఎల్బోలు (వంపు గొట్టాలు) పెళుసెక్కి విరిగేవి. క్రౌన్ విక్టోరియా టాక్సీలుగా, పోలీసు బండ్లుగా ఎంత నలిగిందో అందరికీ తెలుసు. దాని వీ8కి కూడా కొన్నేళ్లపాటు ప్లాస్టిక్ మానిఫోల్డ్ పగలడమే పెద్ద జబ్బు. అంటే మంచి పేరున్న కారుకీ జబ్బుంటుంది. అదేమిటో తెలిసి, ముందే బాగుచేయించుకున్నవాడికి కారు నిలబడుతుంది.

ఇక అవలాన్. 2004 దాకా వచ్చిన 3.0 లీటర్ ఇంజిన్‌కి టైమింగ్ బెల్టు, 90,000 మైళ్లకు మార్చాలి. 2005 మోడల్ నుంచి 3.5 లీటర్ ఇంజిన్, దానికి చైన్. ఆ తొలి ఏళ్ల ఇంజిన్లలో వీవీటీకి (వాల్వుల టైమింగ్ మార్చే వ్యవస్థ) వెళ్లే ఆయిల్ లైనులో రబ్బరు ముక్క ఉండేది. అది చిట్లితే నిమిషాల్లో ఆయిలంతా బయటికి. తర్వాత లోహపు పైపు పెట్టారు. 2014 నాటికి ఆ గొడవ లేదు. పార్టుల గురించి టెన్షన్ అక్కర్లేదు. అదే ఇంజిన్ క్యామ్రీ వీ6, సియెన్నా, హైలాండర్, లెక్సస్ ఈఎస్ 350లో కూడా వచ్చింది. ఆ బండ్లు రోడ్లమీద ఉన్నంతకాలం ఇంజిన్ పార్టులు దొరుకుతాయి. హెడ్‌లైటు, బంపరు లాంటి బాడీ సామాను మాత్రం ముందుముందు ఖరీదు కావచ్చు.

కొనేముందు ఈ ఇంజిన్‌లో మూడు చూడు. వాటర్ పంపు చుట్టూ గులాబీ రంగు పొడి పేరుకుందా? కూలెంట్ గులాబీ రంగుది, కొద్దికొద్దిగా కారి ఎండితే అలా మరక కడుతుంది. టైమింగ్ కవరు దగ్గర ఆయిల్ చెమర్చిందా? చెమ్మ మాత్రమే ఉంటే ఏళ్ల తరబడి అలాగే నడుపుతారు. చుక్కలు పడుతుంటే వదిలెయ్, సరిగా చెయ్యాలంటే ఇంజిన్ దించాల్సిన పని. మూడోది, 1,20,000 మైళ్లకు మార్చాల్సిన స్పార్కు ప్లగ్గులు మార్చారా? ముందు మూడూ సులువు. వెనక మూడింటికి ఇన్‌టేక్ పైభాగం విప్పాలి, అందుకే చాలామంది వాయిదా వేస్తారు. ఆ పెద్దాయన ఫైల్లో ఈ రసీదు ఉంటే, ఆయన కారు చూసుకున్న తీరు దానితోనే తెలుస్తుంది.

లెక్కల పుస్తకం:

గ్యాస్ (పెట్రోలు) లెక్క వేద్దాం. తమ్ముడు ఆఫీసుకే ఏడాదికి సుమారు 10,000 మైళ్లు, మిగతా తిరుగుడు 2,000. అవలాన్ వీ6కి సగటున గ్యాలన్‌కి 24 మైళ్లనుకుందాం. కరోలాకి 32 అనుకుందాం. ఏడాదికి అవలాన్‌కి 500 గ్యాలన్లు, కరోలాకి 375. గ్యాలన్ మూడు డాలర్లయితే తేడా ఏడాదికి 375, అయిదేళ్లకు 1,875. కొనేటప్పుడు మిగిలేది 4,000. అంటే అవలాన్‌కి అయిదేళ్లలో అదనంగా 2,100 డాలర్ల రిపేరు పడితే రెండూ సమానం.

అయిదేళ్ల తర్వాత అమ్మితే కరోలాకే ఎక్కువొస్తుంది, అది కూడా కలపాలి. నా లెక్కలో డబ్బు పరంగా ఇది దాదాపు తూకమే. డబ్బు మిగులుతుందని మాత్రం అవలాన్ కొనకు. సౌకర్యం కావాలంటే కొను.

కృష్ణాతీరం, హ్యూస్టన్:

లెక్కల పుస్తకం గారూ, తూకంలో అమ్మానాన్న సుఖాన్ని కూడా వెయ్యండి. మా అత్తయ్యగారు వచ్చినప్పుడు మాకు చిన్న కారు ఉండేది. శాన్ ఆంటోనియో వెళ్లొచ్చాక రెండు రోజులు ఆవిడ మంచం దిగలేదు. తర్వాత పెద్ద సెడాన్ కొన్నాం. వెనక డోరు విశాలంగా తెరుచుకుంటుంది, ఆవిడ ముందు కూర్చుని తర్వాత కాళ్లు లోపల పెట్టుకునేవారు. చీరతో ఎక్కి దిగేవాళ్లకి ఇది ఎంత ముఖ్యమో ఇంట్లో పెద్దవాళ్లున్నవాళ్లకి తెలుస్తుంది.

బరువైన కారు గుద్దుకున్నప్పుడు లోపలివాళ్లకి ఎక్కువ రక్షణ ఇస్తుందన్నదీ నిజమే. అయితే 2019 కరోలాలో ముందు కారుని గమనించి బ్రేకు వేసే వ్యవస్థ అన్ని మోడళ్లలోనూ వస్తుంది. 2014 అవలాన్ తీసుకుంటే అది ఉందో లేదో అడిగి చూసుకోండి.

ఇంకో జాగ్రత్త. 2017 హార్వీ తుపానులో మా ఊళ్లో మునిగిన కార్లు ఎన్నో. టైటిల్ (కారు యాజమాన్య పత్రం) మీద సాల్వేజ్ (ఘోరంగా దెబ్బతిన్నది), రీబిల్ట్ (దెబ్బతిన్నాక బాగుచేసింది) అన్న మాట ఉంటే ముట్టుకోవద్దు. సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగి చూడండి, మునిగిన కారైతే చివర బురద మరక ఉండొచ్చు. విన్ నంబరుతో (ప్రతి కారుకీ ఉండే గుర్తింపు సంఖ్య) రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలిచిన వివరాలు, ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైటులో ఉచితంగా తెలుస్తాయి. ఇంకా ఒకటి, టెక్సాస్‌లో మామూలు కార్లకు ఏటా చేసే సేఫ్టీ తనిఖీ 2025 జనవరి నుంచి తీసేశారు. డాలస్ కౌంటీలో ఇప్పుడు పొగ పరీక్షే ఉంది. బ్రేకులు, టైర్లు ఎవరో చూసుంటారులే అనుకోకండి.

కొలంబస్ మంచు:

స్పానర్ గారూ, ఉప్పు విషయం ఒప్పుకుంటాను. కానీ మీకు స్పానర్ పట్టుకోవడం వచ్చు. ఈ అబ్బాయికి రాదు. మీరు ప్లగ్గులు 100 డాలర్లకు మార్చుకుంటే, షాపులో వెనక ప్లగ్గుల లేబరుతో కలిపి అతనికి నాలుగైదు రెట్లు పడుతుంది. పైగా ఇంట్లో రెండో కారు లేదు. ఇర్వింగ్‌లో నడిచి ఆఫీసుకి వెళ్లలేడు. కారు మూడు రోజులు షాపులో ఉంటే అద్దె కారు, ఊబర్. అమ్మానాన్న ఉన్నప్పుడు అర్ధరాత్రి ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే? నా భయం డబ్బు గురించి కాదు. కొత్తగా వచ్చినవాడికి నడిరోడ్డు మీద ఆగిపోవడం ఎలా ఉంటుందో నేను అనుభవించాను.

పాత స్పానర్:

అన్నా, రెండో కారు లేదన్న మాటకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అది నిజమైన బలహీనతే. అందుకే నేను చెప్పేది ఒకటే: కారు కొన్న రోజే 2,000 డాలర్లు దాని పేరున పక్కన పెట్టాలి. 12,500 పెట్టగలిగితేనే 10,500 కారు కొనాలి. అది చేతకాకపోతే నేను కూడా కరోలా అనే అంటాను.

కానీ నడిరోడ్డు మీద ఆగిపోవడం నేను చూసినంతలో అకస్మాత్తుగా వచ్చేది తక్కువ. కారు నెలల ముందే చెబుతుంది. కూలెంట్ ట్యాంకులో గీత కిందికి దిగుతుంది, బ్యాటరీ పొద్దున్నే బరువుగా తిప్పుతుంది, బ్రేకు కీచుమంటుంది. నెలకోసారి పది నిమిషాలు బానెట్ ఎత్తి చూడటానికి మెకానిక్ కానక్కర్లేదు. చైన్ ఉంది కదా అని ఆయిల్ మర్చిపోవద్దు కూడా. జీఎం (జనరల్ మోటార్స్) 3.6 లీటర్ వీ6 తొలి మోడళ్లలో చైన్ సాగిపోతుంటే కంపెనీయే ఆయిల్ మార్చే గడువు తగ్గించింది. టొయోటా 10,000 మైళ్లంటుంది. ఇంత తిరిగిన ఇంజిన్‌కి నేను 5,000కే మారుస్తాను.

తమ్ముడూ, కొనేముందు బయటి మెకానిక్‌కి 150, 200 ఇచ్చి తనిఖీ చేయించు. అమ్మేవాళ్లు చెప్పిన మెకానిక్ వద్దు. 20 డాలర్ల ఓబీడీ రీడరు (కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే పరికరం) కూడా పట్టుకెళ్లు. కోడ్‌లు లేవని సంతోషించకు. మానిటర్లు (కారు తనను తాను చేసుకునే పరీక్షలు) "రెడీ కాలేదు" అని చూపిస్తే ఎవరో ఈమధ్యే కోడ్‌లు చెరిపేశారనో, బ్యాటరీ తీశారనో అర్థం. టైరు పక్కనున్న చివరి నాలుగంకెలు చూడు, 2319 అంటే 2019లో 23వ వారం. టైరు గాడులు లోతుగా ఉన్నా అది ముసలిదే.

ఇర్వింగ్ కుర్రాడు:

మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని వెళ్లాను. కారు మొదట్నుంచీ ప్లేనో, ఇర్వింగ్ చుట్టుపక్కలే తిరిగింది. తనిఖీ చేసినాయన లిఫ్ట్ మీద ఎత్తి నన్ను కూడా కిందికి పిలిచి చూపించారు. తుప్పు లేదు. టైమింగ్ కవరు దగ్గర పొడిగానే ఉంది. వాటర్ పంపు దగ్గర గులాబీ మరక మాత్రం ఉంది. పంపు, బెల్టు కలిపి 750 అవుతుందన్నారు. ప్లగ్గుల రసీదు ఫైల్లో ఉంది, 1,19,000 మైళ్లకు మార్పించారు. బ్యాటరీ బలహీనం. మానిటర్లన్నీ రెడీ. ముందు కారుకి బ్రేకు వేసే వ్యవస్థ దీంట్లో లేదు, అది కొంచెం బాధగానే ఉంది.

పెద్దాయనకి గులాబీ మరక ఫోటో చూపిస్తే ఏమీ వాదించకుండా 9,600కి ఇస్తానన్నారు. ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్సు) ఆయిల్ మాత్రం ఒక్కసారి కూడా మార్చలేదట. అది జీవితాంతం ఉంటుందని సర్వీసులో చెప్పారని అన్నారు. ఇప్పుడు మార్చాలా?

కొలంబస్ మంచు:

ముట్టుకోకు. 1,28,000 మైళ్ల పాత ఆయిల్ తీసేశాక గేర్లు జారడం మొదలైన కార్లు నాకు తెలుసు.

పాత స్పానర్:

అప్పటికే జారుతున్న గేర్‌బాక్సుకి చివరి ఆశగా ఆయిల్ మారుస్తారు, తర్వాత అది పోతే నింద ఆయిల్ మార్పు మీద పడుతుంది. నేను చూసినవి ఎక్కువగా ఇవే. టొయోటా కూడా ఎప్పటికీ మార్చక్కర్లేదనలేదు. బరువులు లాగే కార్లకు 60,000 మైళ్లకు మార్చమని వాళ్ల షెడ్యూల్లోనే ఉంది. డాలస్ ఎండలో, ట్రాఫిక్‌లో పదేళ్లు నడిచినదాన్ని నేను తేలిక వాడకం అనుకోను.

టెస్ట్ డ్రైవ్‌లో గేర్లు మెత్తగా పడుతుంటే మార్చు. మిషన్ పెట్టి ఒత్తిడితో కడిగే ఫ్లష్ వద్దు. కింద ప్లగ్గు తీసి కారినంత కారనిచ్చి, అంతే కొత్తది పోయించు. ఒకసారికి మొత్తం రాదు. 5,000 మైళ్లు ఆగి మళ్లీ అలాగే చేయించు. టొయోటా చెప్పే డబ్ల్యూఎస్ రకం ఆయిలే వాడాలి. దీనికి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) లేదు, నిర్ణీత వేడి దగ్గర లెవెల్ చూడాలి. ఆ పద్ధతి తెలుసా అని షాపులో అడుగు, తడుముకుంటే ఇంకో షాపు చూసుకో.

కొలంబస్ అన్నతో దీనిమీద నేను ఏకీభవించను. కానీ ఆయన అడిగిన రెండో కారు మాట మాత్రం మర్చిపోకు. రోడ్‌సైడ్ సాయం ఉన్న ఇన్సూరెన్స్ తీసుకో.

కృష్ణాతీరం, హ్యూస్టన్:

తమ్ముడూ, డబ్బిచ్చి టైటిల్ తీసుకుని ఎవరిదారిన వాళ్లు వెళ్లకండి. ఇద్దరూ కలిసి కౌంటీ టాక్స్ ఆఫీసుకి వెళ్లి 130-యూ ఫారం (టైటిల్ పేరు మార్పు దరఖాస్తు) అక్కడే ఇచ్చేయండి. టాక్స్ 6.25 శాతం. మీరిచ్చిన ధర వాళ్ల అంచనా ధరలో 80 శాతం కంటే తక్కువైతే ఆ 80 శాతం మీద కట్టించుకుంటారు, కాస్త ఎక్కువే పట్టుకెళ్లండి. పెద్దాయన నంబరు ప్లేట్లు తీసి ఉంచుకుంటారు, కారు మీకిచ్చేశాక ఆయన ఇంటికి ఎలా వెళ్తారో ముందే అడగండి.

ఇర్వింగ్ కుర్రాడు:

సరే అక్కా. శుక్రవారం ఆఫీసుకి సెలవు పెట్టాను, పెద్దాయన పదింటికి కౌంటీ ఆఫీసుకి వస్తానన్నారు. వాటర్ పంపుకి సోమవారం అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. కొలంబస్ అన్నా, 2,000 వేరే ఖాతాలో వేశాను, ఈ కారుకి తప్ప దేనికీ తియ్యను. స్పానర్ అన్నా, బ్యాటరీ మాత్రం నేనే మార్చుకుందామనుకుంటున్నా. ముందు నెగటివే కదా విప్పాల్సింది?

పాత స్పానర్:

అవును, విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. బ్యాటరీ మార్చాక రీడరు పెడితే మానిటర్లు "రెడీ కాలేదు" అని చూపిస్తాయి, కొన్ని రోజులు నడిపితే మళ్లీ రెడీ అవుతాయి.