తెలుగు అర్థమవుతుంది, బదులు మాత్రం ఇంగ్లీషులోనే. ఏం చేయాలి?

మా పాపకు ఐదేళ్ల రెండు నెలలు. తనతో నేను తెలుగు, మా ఆయన తమిళం మాట్లాడతాం. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషు (అసలు చిక్కు ఇక్కడే ఉందేమోనని నా అనుమానం). చుట్టుపక్కల ఇళ్లల్లో అరబిక్, మాండరిన్, పంజాబీ వినిపిస్తాయి. పిల్లలంతా కలిసి ఆడుకునేది మాత్రం ఇంగ్లీషులోనే.

నాలుగేళ్లకు బడిలో వేసేదాకా తెలుగులో గలగలా మాట్లాడేది. వేసిన నాలుగు నెలలకే జవాబులన్నీ ఇంగ్లీషులోకి మారిపోయాయి. అర్థం కాక కాదు. "మంచం కింద నీ ఎర్ర చెప్పు ఉంది, తెచ్చుకో" అంటే పరుగెత్తి తెస్తుంది, తెచ్చి "ఫౌండ్ ఇట్" అంటుంది. మొన్న బతిమాలి తెలుగులో చెప్పమంటే "అమ్మ వచ్చాడు" అంది. ప్రాణం ఉసూరుమంది.

ఇంగ్లీషు అర్థం కానట్టు మూడు వారాలు ఉండి చూశాను. నాతో మాట్లాడటమే తగ్గించేసింది, వెంటనే మానేశాను. రాత్రి 20 నిమిషాలు తెలుగు కథ చెబుతాను. ఇష్టంగా వింటుంది, మధ్యలో సందేహాలు ఇంగ్లీషులో. ఆదివారం అమ్మమ్మతో వీడియో కాల్‌లో తల ఊపి ఊరుకుంటుంది. ఆరు వారాలుగా తను ఇంగ్లీషులో అన్నదాన్నే నేను తెలుగులో తిరిగి అంటున్నాను. ఒక్కో మాట పలుకుతోంది, వాక్యం రావడం లేదు.

ఇలా వినడం దగ్గరే ఆగిపోయిన పిల్లలు మీ ఇంట్లో బలవంతం లేకుండా మళ్లీ వాక్యాల్లో మాట్లాడి ఉంటే, ఏ మార్పు వల్ల మొదలైందో చెబుతారా?